పొగ ఎంత లేచిందని కాదు, ఏది కాలిందని అడగాలి

ప్రశ్న ఇది: "ఎక్కడో ఎడారిలో ఒక చమురు కేంద్రం మీద నాలుగు డ్రోన్లు పడితే ప్రపంచమంతా ఎందుకు ఉలిక్కిపడుతుంది? పైగా ఒకసారి ధర ఎగిరి పదిహేను రోజుల్లో దిగిపోతుంది, ఇంకోసారి నెలల తరబడి కుదుటపడదు. తేడా ఎక్కడుంది?"

నేను రిఫైనరీ ఆపరేషన్స్‌లో ఇరవై రెండేళ్లు పనిచేశాను. ఎక్కువకాలం క్రూడ్, అంటే ముడి చమురుని మొదట వేరుచేసే యూనిట్ దగ్గరే. యుద్ధం చూడలేదు. మంటలు చూశాను, అర్ధరాత్రి యూనిట్లు వాటంతటవే ఆగిపోయే ట్రిప్పులు చూశాను, అరచేతిలో పట్టే విడిభాగం కోసం యూనిట్ మొత్తం రోజుల తరబడి పడకేయడం చూశాను. అందుకని ఎవరు ఎవరి మీద ఎందుకు దాడి చేశారన్న సంగతి పక్కనపెట్టి, ప్లాంటు గేటు లోపలి నుంచి ఏం కనిపిస్తుందో అది చెబుతాను.

ముందు పొగ సంగతి. టీవీలో నల్లటి పొగ కొండలా లేస్తుంటే అంతా బూడిదైపోయిందనుకుంటాం. చాలాసార్లు ఆ పొగ స్టోరేజి ట్యాంకుది. ట్యాంకంటే ఉక్కు పలకలు వంచి అతికించిన పెద్ద డబ్బా, అంతకన్నా ఏమీ లేదు. ఒకటి పోతే పక్కదానికి లైను మార్చుకుంటారు. 2024 ఆగస్టులో రష్యాలోని రోస్తోవ్ ప్రాంతంలో ప్రొలెతార్స్క్ డిపో మీద ఉక్రెయిన్ డ్రోన్లు పడితే అక్కడి ట్యాంకులు దాదాపు రెండు వారాలు కాలాయి. ఆర్పేవాళ్లకు అది నరకం. ముడి చమురు ట్యాంకయితే మరీను, దాని అడుగున కొంత నీరు ఎప్పుడూ ఉంటుంది. పైన మంట గంటల తరబడి మండేకొద్దీ వేడి పొర మెల్లగా కిందికి దిగుతుంది. అది నీటిని తాకిన క్షణాన నీరు ఒక్కసారిగా ఆవిరై, పైనున్న మండే చమురునంతా పాలు పొంగినట్టు బయటికి ఎగజిమ్ముతుంది. దాన్ని బాయిలోవర్ అంటాం. మంట కాస్త తగ్గిందనుకుని దగ్గరికెళ్లినవాళ్లనే అది పట్టుకుంటుంది. ఇంత ఘోరమైన మంటయినా ప్రపంచ సరఫరా లెక్కలో అది పెద్ద అంకె కాదు.

ఇప్పుడు పొగ పెద్దగా రాని దెబ్బ ఒకటి చూడండి. రిఫైనరీకి వచ్చిన క్రూడ్‌ని ముందు ఉప్పు, నీరు తీసేసి, వేడి చేసుకుంటూ పోయి, ఫర్నేసులో 350 డిగ్రీలు దాటించి ఒక ఎత్తైన కాలమ్‌లోకి పంపుతారు. లోపల అంతస్తుల్లా ట్రేలు ఉంటాయి. తేలికవి పైకి, బరువైనవి కిందికి: పైన పెట్రోల్‌కి ముడిసరుకైన నాఫ్తా, కింద కిరోసిన్, డీజిల్, అడుగున మిగిలేది నల్లటి గుజ్జు. రిఫైనరీలో మిగతా యూనిట్లన్నీ ఈ కాలమ్ వడ్డించేదాని మీదే బతుకుతాయి. దీని పొట్టలో బండి చక్రమంత చిల్లు పడిందనుకోండి. అతుకేసి వెల్డింగ్ చేస్తే అయిపోయే పని కాదు. ముందు లోపలున్న చమురు, గ్యాస్ అంతా ఖాళీ చేయాలి, ఆవిరితో రోజుల తరబడి కడగాలి, గ్యాస్ లేదని పరీక్షించి మనిషిని లోపలికి దించాలి. ట్రేలు ఎక్కడెక్కడ ఊడాయో చూడాలి. దెబ్బతిన్న ఉక్కు కోసి, సరైన గ్రేడు పలక తెచ్చి వెల్డ్ చేసి, ప్రతి అతుకునీ ఎక్స్‌రే తీసి, నీటితో ఒత్తిడి పరీక్ష పెట్టాలి. ఇదంతా సజావుగా సాగితే వారాలు. కాలమ్ పక్కకి ఒరిగిపోతే కొత్తది చేయించాల్సిందే, అప్పుడిక నెలల లెక్క. అలాంటివి ఏ గోడౌన్‌లోనూ సిద్ధంగా ఉండవు. ప్రతిదీ ఆ ప్లాంటు కొలతలకు చేయించుకునేదే.

బాంబులు కూడా అక్కర్లేదు. మా దగ్గర ఒకసారి లూబ్ ఆయిల్ ప్రెషర్ పడిపోయి ఒక గ్యాస్ కంప్రెసర్ రోటర్, అంటే లోపల తిరిగే ఇరుసు, పాడైంది. కాగితాల మీద స్పేర్ రోటర్ ఉంది. స్టోర్‌లో పెట్టె విప్పి చూస్తే, బేరింగులు కూర్చునే చోట తుప్పు. ఎన్నేళ్లుగా ఎవరూ ఆ పెట్టె తెరవలేదు. దాన్ని వర్క్‌షాపుకి పంపి, రుద్ది, బ్యాలెన్స్ చేయించి తెచ్చేసరికి 19 రోజులు. ఆ 19 రోజులూ ఆ కంప్రెసర్ మీద ఆధారపడ్డ యూనిట్ ఖాళీ. ఒక ఇంచు కూడా కాలలేదు, ఏ టీవీలోనూ రాలేదు. దాడి వార్త విన్నప్పుడల్లా నాకు ముందు ఆ పెట్టే గుర్తొస్తుంది. దెబ్బ తగిలిన వస్తువుకి జోడీ ఎక్కడుంది, ఎన్నాళ్లకు వస్తుంది? సరఫరాకి ముప్పు ఎంతో తేల్చేది చాలావరకు ఈ ప్రశ్నే.

ఇక సౌదీ అరేబియాలోని అబ్‌ఖైక్ చమురు కేంద్రం. ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిదది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

సౌదీ బావుల్లోంచి వచ్చే క్రూడ్‌లో గ్యాస్ కరిగి ఉంటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది. ఆ విషవాయువు మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి అక్కడే కూలిపోతాడు. అలాంటి చమురుని ఉన్నపళంగా ఓడలోకి ఎక్కించలేం. ముందు పెద్ద గుండ్రటి పాత్రల్లోకి పంపి ఒత్తిడి తగ్గించి గ్యాస్ విడగొడతారు. తర్వాత స్టెబిలైజర్ కాలమ్‌లలో మరిగించి మిగిలిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ని వెళ్లగొడతారు. ఆ తర్వాతే అది రస్ తనూరా, జుఐమా రేవులకు గానీ, ఎర్ర సముద్రం ఒడ్డున యన్బూకి గానీ పోతుంది. ఈ పని చేసే కేంద్రాల్లో ప్రపంచంలోనే పెద్దది అబ్‌ఖైక్, రోజుకు సుమారు 70 లక్షల బ్యారెళ్ల సామర్థ్యం. బావులు వందల కిలోమీటర్ల మేర పరుచుకుని ఉన్నాయి, వాటన్నిటినీ ఎవరూ కొట్టలేరు. వాటి చమురు వచ్చి కలిసే చోటు మాత్రం ఒక్కటే. శరీరంలో ఆయువుపట్టు అంటామే, అదన్నమాట.

2019 సెప్టెంబర్ 14 తెల్లవారుజామున ఆ ఆయువుపట్టు మీదే కొట్టారు. అబ్‌ఖైక్‌తో పాటు ఖురైస్ చమురు క్షేత్రం మీద కూడా. 18 డ్రోన్లు, 7 క్రూయిజ్ క్షిపణులు వాడారని సౌదీ రక్షణశాఖ చెప్పింది. యెమెన్‌లోని హూతీలు తామే చేశామన్నారు, అమెరికా, సౌదీ మాత్రం ఇరాన్ పనే అన్నాయి. ఉపగ్రహ చిత్రాల్లో ఆ గుండ్రటి పాత్రల మీద చిల్లులు కనిపించాయి. అన్నిటికీ ఒకే వైపు, దాదాపు ఒకే ఎత్తున, కొలబద్ద పెట్టి పొడిచినట్టు. ఆ బొమ్మ చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. కొట్టినవాడికి ట్యాంకుకీ, గ్యాస్ విడగొట్టే పాత్రకీ తేడా బాగా తెలుసు. పొగ కోసం కొట్టలేదు, ప్రాసెస్ డ్రాయింగ్ చూసి కొట్టాడు. స్టెబిలైజర్ కాలమ్‌లు కూడా కొన్ని కాలాయి.

ఒక్క పూటలో రోజుకు 57 లక్షల బ్యారెళ్లు ఆగిపోయాయి. సౌదీ ఉత్పత్తిలో సగానికి పైగా, ప్రపంచ సరఫరాలో సుమారు 5 శాతం. ప్రపంచ మార్కెట్‌లో కొలమానంగా చూసే క్రూడ్ రకం బ్రెంట్. శుక్రవారం 60 డాలర్ల దగ్గర ముగిసిన దాని ధర, ఆదివారం రాత్రి మార్కెట్ తెరవగానే 72 డాలర్ల దాకా ఎగిరి, సోమవారం 69 దగ్గర ఆగింది. నెలాఖరుకి? మళ్లీ 60 చిల్లరే.

ఎందుకు దిగింది? "మార్కెట్ అనవసరంగా భయపడింది" అని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను. దిగడానికి గట్టి కారణాలున్నాయి. అక్కడ ఒకే రకం కాలమ్‌లు వరుసగా కట్టి ఉన్నాయి, కాబట్టి కొన్ని పోయినా మిగిలినవి నడిచాయి. విడిభాగాలు దగ్గరే ఉన్నాయి, డబ్బుకు కొదవ లేదు, పగలూ రాత్రీ షిఫ్టులు వేశారు. ఎగుమతుల కోసం నిల్వలు తోడారు, కొందరు కొనుగోలుదారులకు ఒక రకం క్రూడ్ బదులు ఇంకో రకం ఇచ్చి సర్దారు. సెప్టెంబర్ ముగిసేలోపు ఉత్పత్తి చాలావరకు పుంజుకుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. మరమ్మతు జరుగుతున్నప్పుడు రెండో దాడి రాలేదు. వచ్చి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది.

ఈ రెండో దాడి సంగతి రెండో ప్రపంచ యుద్ధంలోనే తేలిపోయింది. 1943 ఆగస్టు 1న అమెరికా 170కి పైగా బి-24 బాంబర్లను రొమేనియాలోని ప్లొయెస్తి రిఫైనరీల మీదికి పంపింది. చెట్ల ఎత్తున ఎగురుతూ వెళ్లాయి. 50కి పైగా విమానాలు పోయాయి. అంత త్యాగం చేస్తే ఫలితం ఏమిటి? అక్కడ అప్పటికే కొంత సామర్థ్యం ఖాళీగా ఉంది. జర్మన్లు దాన్ని తిప్పి, కాలినదాన్ని బాగుచేసుకుని, కొన్ని వారాల్లోనే తేరుకున్నారు. 1944 మేలో మొదలైన దాడులది మాత్రం వేరే తీరు. బొగ్గు నుంచి ఇంధనం తీసే జర్మన్ ప్లాంట్లను కొట్టడం, వాళ్లు బాగుచేసుకునేదాకా ఆగడం, మళ్లీ కొట్టడం. లాయినా అనే ఒక్క ప్లాంటు మీదే 22 సార్లు బాంబులు వేశారు. మొదటి దాడి నుంచి యుద్ధం ముగిసేదాకా అది సగటున 9 శాతం సామర్థ్యంతోనే నడిచింది. కృత్రిమ విమాన ఇంధనం ఏప్రిల్‌లో 1,75,000 టన్నులుంటే సెప్టెంబర్‌కి 5,000 టన్నులకు పడిపోయింది. విమానాలు ఉన్నాయి, ఎగరడానికి ఇంధనం లేదు.

మీరడిగిన తేడాలో సగం ఇక్కడే ఉంది. ఒక్కసారి కొడితే అది మరమ్మతు పని. బాగుచేసినప్పుడల్లా కొడుతుంటే మరమ్మతుకే అర్థం లేకుండా పోతుంది. 2024 మొదట్నుంచి రష్యా రిఫైనరీల మీద ఉక్రెయిన్ చేస్తున్నది ఈ రెండో రకానికి దగ్గర. ర్యాజాన్, వోల్గోగ్రాద్, తువాప్సే, నిజ్నీ నోవ్‌గొరోద్ దగ్గరి క్స్తోవో లాంటి పేర్లు వార్తల్లో మళ్లీ మళ్లీ రావడానికి కారణం అదే. ట్యాంకులతో పాటు డిస్టిలేషన్ కాలమ్‌ల మీద కూడా గురి పెట్టారు. ఆంక్షల వల్ల పాశ్చాత్య దేశాల పరికరాలు, రసాయన చర్యని వేగపరిచే కాటలిస్టులు దొరకడం కష్టమైన చోట ఆ దెబ్బ ఇంకా ఎక్కువ కాలం నొప్పెడుతుంది.

అక్కడే ఒక తిరకాసు కూడా ఉంది. రిఫైనరీ ఆగితే ఆ దేశంలో పెట్రోల్, డీజిల్ తగ్గుతాయి గానీ, బావుల్లోంచి చమురు వస్తూనే ఉంటుంది. దాన్ని వండే పొయ్యి లేక ముడి చమురుగానే రేవుకి పంపాల్సి వస్తుంది. అంటే ప్రపంచ మార్కెట్‌లో క్రూడ్ పెరుగుతుంది, డీజిల్ తగ్గుతుంది. రష్యా పెట్రోల్ ఎగుమతులపై నిషేధం పెట్టి పొడిగిస్తూ వచ్చింది. అందువల్ల క్రూడ్ ధర ఒక్కటే చూస్తూ "ఏమీ కాలేదే" అనుకోవడం తప్పు. లారీలు క్రూడ్ తాగవు. క్రూడ్‌కీ డీజిల్‌కీ మధ్య ఉన్న ధర తేడా చూడండి, రిఫైనరీలకు తగిలిన దెబ్బ ముందు అక్కడ కనిపిస్తుంది.

రేవులనీ పంపింగ్ స్టేషన్లనీ కొట్టడం మొదలైతే మళ్లీ లెక్క మారుతుంది, ఎందుకంటే అప్పుడు క్రూడే ఆగుతుంది. 2025లో అదీ జరిగింది. ఆగస్టులో రష్యా నుంచి యూరప్‌కి పోయే ద్రుజ్బా పైపులైన్ మీది ఉనెచా స్టేషన్‌కి దెబ్బ తగిలి హంగరీ, స్లొవేకియాలకు చమురు ఆగింది. సెప్టెంబర్‌లో బాల్టిక్ తీరంలోని ప్రిమోర్స్క్ రేవు మీద డ్రోన్లు పడ్డాయి. యుద్ధంతో సంబంధం లేని కజకస్థాన్ పరిస్థితి మరీ జాలి. దాని ఎగుమతుల్లో 80 శాతానికి పైగా కాస్పియన్ పైపులైన్ కన్సార్టియం గొట్టం ద్వారా రష్యా నేల దాటి నల్ల సముద్రం చేరాలి. 2025 ఫిబ్రవరిలో ఆ గొట్టం మీది క్రొపోత్కిన్‌స్కయా పంపింగ్ స్టేషన్‌ని కొట్టారు. నవంబర్ చివర్లో సముద్ర డ్రోన్లు నొవొరొసియ్‌స్క్ దగ్గర, ఓడలు కట్టుకుని చమురు నింపుకునే ఒక మూరింగ్‌ని దెబ్బతీశాయి. సముద్రంలో తేలే పెద్ద బోయా అది, దాని కింద రబ్బరు గొట్టాలు ఉంటాయి. అక్కడున్నవే మూడు. ఒక దేశం ఖజానా మూడు బోయాలకి కట్టేసి ఉందంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, చమురు ప్రపంచం నిండా ఇలాంటి ముడులే.

పైపులైన్ గొట్టానికి తగిలే దెబ్బ గురించి ఎక్కువ చెప్పను. నేలలో పోయే గొట్టానికి చిల్లు పడితే ఆ ముక్క కోసి కొత్తది వెల్డ్ చేస్తారు, కొద్దిరోజుల పని. కాపలా కాయడమే అసాధ్యం. 2003 తర్వాత ఇరాక్‌లో కిర్కుక్ నుంచి టర్కీలోని జెహాన్‌కి పోయే లైనుని బాగుచేయడం, అది మళ్లీ పేలడం, ఇదే తంతు ఏళ్ల తరబడి సాగింది. బావులు కూడా అనుకున్నదానికన్నా మొండివి. 1991లో కువైట్ నుంచి వెళ్లిపోతూ ఇరాక్ సైన్యం 600కి పైగా బావులకు నిప్పు పెట్టింది. ఆర్పడానికి ఏళ్లు పడుతుందన్నారు. ఎడారిలో నీళ్లెక్కడివి? చమురుని తీరానికి తీసుకెళ్లే గొట్టాల్లోనే సముద్రపు నీటిని వెనక్కి పంప్ చేశారు. నవంబర్ 6న ఆఖరి బావి ఆరిపోయింది, అంటే ఎనిమిది తొమ్మిది నెలలు. ఆ పని చేసినవాళ్లకి నేను ఇప్పటికీ మనసులో దణ్ణం పెడతాను. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇరాన్‌లోని అబాదాన్. 1980లో ఇరాక్ ఫిరంగులకు గురైనప్పుడు ప్రపంచంలోని అతిపెద్ద రిఫైనరీల్లో అదొకటి. యుద్ధం ముగిశాక 1989లో గానీ అందులో కొంతభాగమైనా మళ్లీ నడవలేదు. శత్రువు ఫిరంగి అందేంత దూరంలో ఉన్న రిఫైనరీని ఎవరు బాగుచేస్తారు?

ఇక దారులు. పర్షియన్ గల్ఫ్‌ని బయటి సముద్రంతో కలిపే హోర్ముజ్ జలసంధి పేరు అందరికీ తెలుసు. అతి ఇరుకైన చోట సుమారు 33 కిలోమీటర్ల వెడల్పు, అందులో పెద్ద ఓడలు నడిచే దారి ఒక్కో దిశకు రెండే మైళ్లు. 2024లో రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్లు అటుగా వెళ్లాయి, ప్రపంచం వాడుకునే దాంట్లో ఐదో వంతు. పక్కదారులు లేవా అంటే ఉన్నాయి. సౌదీకి తూర్పు నుంచి పడమరకి పోయే పెద్ద పైపులైన్ ఉంది, ఎమిరేట్స్‌కి హబ్షాన్ నుంచి జలసంధి బయటున్న ఫుజైరా రేవుకి రోజుకు 15 లక్షల బ్యారెళ్లు మోసే లైను ఉంది. రెండూ కలిపినా ఆ 2 కోట్లలో సగం కూడా మోయలేవు. పైగా సౌదీ పక్కదారి మొదలయ్యేది ఎక్కడనుకున్నారు? అదే అబ్‌ఖైక్. 2019 మే 14న ఆ లైను మీది రెండు పంపింగ్ స్టేషన్లని డ్రోన్లు కొట్టాయి. దానికి రెండురోజుల ముందు ఫుజైరా దగ్గర లంగరేసిన నాలుగు ఓడలకి చిల్లులు పడ్డాయి. సెప్టెంబర్ దాడికి నాలుగు నెలల ముందే పక్కదారుల రెండు కొసలనీ ఎవరో తట్టి చూశారన్నమాట.

హోర్ముజ్ గురించి ఇంకో మాట. దీన్నే జనం తక్కువ పట్టించుకుంటారు. ప్రపంచంలో ఎక్కడైనా చమురు తగ్గితే "మిగులు సామర్థ్యం ఉన్న దేశాలు కవాటాలు తెరుస్తాయి" అంటారు. ఆ మిగులు ఎవరి దగ్గరుంది? ఎక్కువగా సౌదీ, ఎమిరేట్స్, కువైట్, ఇరాక్‌ల దగ్గర. అంటే జలసంధికి లోపలివైపే. రష్యాలోనో లిబియాలోనో చమురు ఆగితే గల్ఫ్ ఆదుకోగలదు. గల్ఫ్ ద్వారమే మూసుకుపోతే ఆదుకునే చెయ్యి కూడా ఆ తలుపు వెనకే ఇరుక్కుపోతుంది. 57 లక్షల బ్యారెళ్లు ఆగడానికీ, 2 కోట్లు ఆగడానికీ తేడా మూడున్నర రెట్లే అనుకుంటే లెక్క తప్పినట్టే. మొదటిదానికి ప్రత్యామ్నాయం ఉంది, రెండోదానికి ఆ పరిమాణంలో లేదు.

అయితే ఓడల మీద దాడి జరిగిన ప్రతిసారీ దారి మూసుకుపోతుందనుకోకండి. ఇరాన్, ఇరాక్‌ల మధ్య 1984 నుంచి 1988 దాకా సాగిన ట్యాంకర్ల యుద్ధంలో 400కి పైగా ఓడలకు దెబ్బలు తగిలాయి. అయినా చమురు నడిచింది. క్రూడ్ ట్యాంకర్ మొండి ఘటం. లోపల గదులు గదులుగా ఉంటుంది, ఖాళీ జాగాలో ఆక్సిజన్ లేని వాయువు నింపి ఉంచుతారు. చిల్లు పడినా చాలావాటిని లాక్కెళ్లి బాగుచేశారు. ఇరాన్ చమురు ఎగుమతికి ప్రధాన కేంద్రమైన ఖార్గ్ దీవిని ఇరాక్ పదేపదే బాంబులతో కొడితే, ఇరాన్ చిన్న ప్రయాణాల ఓడలతో చమురుని దక్షిణంగా, దాడులకు దూరంగా తెచ్చి సిర్రీ, లారక్ దీవుల దగ్గర పెద్ద ఓడల్లోకి మార్చింది. బీమా ఖర్చు భరించుకోండంటూ కొనేవాళ్లకి ధర తగ్గించి ఇచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ ఓడలు కాలుతున్న కాలంలోనే, 1986లో, ప్రపంచ చమురు ధర కుప్పకూలి 10 డాలర్ల దగ్గరికి పడింది. కారణం ఒక్కటే, అప్పుడు మార్కెట్‌లో చమురు పొంగిపొర్లుతోంది. మీ ప్రశ్నలో మిగతా సగానికి జవాబు ఇదే. దెబ్బ ఎంతదన్న దానితో పాటు, అది పడిన రోజున గాదెలో గింజలెన్ని ఉన్నాయన్నది చూడాలి.

బీమా గురించి ఒక చిన్న లెక్క, ఎందుకంటే దీన్ని చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. ప్రమాద ప్రాంతంలోకి వెళ్లే ఓడకి మామూలు బీమా చాలదు, అదనపు యుద్ధ ప్రీమియం కట్టాలి. దాన్ని ఓడ విలువలో శాతంగా, సాధారణంగా ఏడు రోజులకు లెక్కిస్తారు. ఉదాహరణకి ఓడ విలువ 10 కోట్ల డాలర్లు, ప్రీమియం 1 శాతం అనుకోండి. ఒక ప్రయాణానికి 10 లక్షల డాలర్లు. వినడానికి గుండె ఆగేంత మొత్తం. ఆ ఓడ మోసేది 20 లక్షల బ్యారెళ్లు. బ్యారెల్‌కి పడేది అర డాలరు. అంటే బీమా ఖర్చు ఒక్కటే చమురుని ఆపదు. ఆపేది మనుషులు. సిబ్బంది మేం రామంటే, యజమాని నా ఓడ పంపనంటే, బీమా సంస్థ అసలు ధరే చెప్పనంటే, అప్పుడు ఓడలు బయట లంగరేసి నిలబడిపోతాయి.

2023 నవంబర్ నుంచి ఎర్ర సముద్రంలో జరిగింది దీనికి ఇంకో రూపం. హూతీల దాడులతో ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా కొస చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. చమురు ఒక్క చుక్క తగ్గలేదు, ప్రయాణం మాత్రం పది పద్నాలుగు రోజులు పెరిగింది. అదే సరుక్కి ఎక్కువ ఓడలు కావాలి, సముద్రం మీద ఎక్కువ చమురు ఇరుక్కుని ఉంటుంది. 2024 ఆగస్టులో సునియన్ అనే ట్యాంకర్‌ని పేల్చి వదిలేశారు. అందులో సుమారు 10 లక్షల బ్యారెళ్ల క్రూడ్ ఉంది. డెక్ మీద మంటలు వారాల పాటు మండుతూనే ఉన్నాయి, అయినా లోపలి చమురు సముద్రంలో కలవకుండా దాన్ని లాక్కెళ్లగలిగారు.

నిల్వలు లేవా అని అడగొచ్చు. 1973లో అరబ్ దేశాలు పెట్టిన చమురు ఆంక్షల దెబ్బ తిన్నాకే 1974లో అంతర్జాతీయ ఇంధన సంస్థ పుట్టింది. దాని సభ్య దేశాలు నికర దిగుమతులకు సరిపడా 90 రోజుల నిల్వ ఉంచాలన్నది నియమం. అమెరికా తన నిల్వని టెక్సాస్, లూసియానాల్లో భూమి కింద ఉప్పు గుహల్లో దాచింది. ఈ నిల్వలు పనికొస్తాయి. 1991 జనవరి 17న ఇరాక్ మీద బాంబులు మొదలైన రోజే నిల్వలు వదులుతామని ప్రకటించారు. ఆ ఒక్కరోజే ధర సుమారు 10 డాలర్లు పడింది. యుద్ధం మొదలైన రోజున ధర పడటం! అంతకు ముందు నెలల్లో భయంతో పేరుకున్నదంతా ఒక్కసారిగా కరిగింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్, ఇరాన్‌ల మధ్య పన్నెండు రోజుల యుద్ధంలోనూ అంతే. టెహ్రాన్‌లో షహ్రాన్ డిపో కాలింది, సౌత్ పార్స్‌లో గ్యాస్ ప్లాంటుకి దెబ్బ తగిలింది, ఇజ్రాయెల్‌లో హైఫా రిఫైనరీ మూతపడింది. బ్రెంట్ 80 డాలర్లు దాటింది. ఎగుమతి రేవులకి ఏమీ కాలేదని తేలాక కొద్దిరోజుల్లోనే 70 కిందికి జారింది.

కానీ నిల్వకి రెండు పరిమితులున్నాయి. అది కుండలో నీరు, ఏరు కాదు. అమెరికా గుహల్లోంచి రోజుకు గరిష్ఠంగా తీయగలిగేది, డిజైన్ ప్రకారం, 44 లక్షల బ్యారెళ్లు. అబ్‌ఖైక్ లాంటి గండికే అది చాలదు, హోర్ముజ్ మాట దేవుడెరుగు. రెండోది, ఆ గుహల్లో ఉన్నది క్రూడ్. కరువు డీజిల్‌కి వచ్చి, డీజిల్ చేసే ప్లాంట్లే కాలి ఉంటే, క్రూడ్ ఎంత తోడినా ఏం లాభం?

నన్నడిగితే చమురుకన్నా గ్యాస్ విషయంలో ఎక్కువ భయపడాలి. సహజవాయువుని మైనస్ 162 డిగ్రీలకు చల్లబరచి, ద్రవంగా (ఎల్‌ఎన్‌జీ) మార్చి ఓడల్లో నింపుతారు. ఆ చల్లబరిచే ప్రధాన హీట్ ఎక్స్‌ఛేంజర్లని చేసే కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. 2024లో ప్రపంచ ఎల్‌ఎన్‌జీ వ్యాపారంలో ఐదో వంతు హోర్ముజ్ మీదుగానే వెళ్లింది, అందులో సింహభాగం ఖతార్‌ది, దానికి పక్కదారి పైపులైన్ లేదు. చమురులా గుహల్లో ఏళ్ల తరబడి దాచుకునే సరుకూ కాదు. 2022 జూన్‌లో టెక్సాస్‌లోని ఫ్రీపోర్ట్ ఎల్‌ఎన్‌జీ ప్లాంటులో ఒక పైపు ముక్కలో ద్రవం బందీ అయి, వేడెక్కి, పేలింది. డ్రోన్ లేదు, క్షిపణి లేదు. ఎనిమిది నెలల దాకా ప్లాంటు మళ్లీ తెరుచుకోలేదు. యూరప్‌లో గ్యాస్ ధర వెంటనే ఎగిరింది. ఒక్క పైపు చేసిన పని అది. దాన్ని గురిచూసి చేసేవాడుంటే?

కాపలా గురించి అడుగుతారు కాబట్టి ఒక్క మాట. ఒకవైపు కొన్ని వేల డాలర్ల డ్రోన్, ఇంకోవైపు దాన్ని కూల్చే, లక్షల డాలర్ల క్షిపణి. ఆ లెక్కలో కాపలాదారు ఎప్పుడూ నష్టపోతాడు. అందుకే రష్యాలో కొన్ని చోట్ల ట్యాంకుల చుట్టూ ఉక్కు వలలు కడుతున్నారు. మోటుగా ఉన్నా తెలివైన పనే. చిన్న డ్రోన్ వలకి తగిలి బయటే పేలితే ట్యాంకు దక్కుతుంది. యాభై మీటర్ల కాలమ్‌కి వల కట్టడం మాత్రం తేలిక కాదు. రోజూ మనుషులు ఎక్కాలి, క్రేన్లు రావాలి.

దాడి వార్త వచ్చిన మర్నాడు నేను వ్యాఖ్యాతల మాటలు వినను. దొరికితే ఉపగ్రహాల వేడి చిత్రాలు చూస్తాను, రిఫైనరీల ఫ్లేర్లు, అంటే మిగులు గ్యాస్‌ని కాల్చే ఎత్తైన గొట్టాల మీది మంటలు, వాటిల్లో చుక్కల్లా కనబడతాయి. ప్లాంటు బాగా నడుస్తుంటే ఫ్లేర్ చిన్నగా, నిలకడగా ఉంటుంది. దెబ్బ తగిలిన రాత్రి ఒక్కసారిగా పెద్దదవుతుంది, లోపలున్న గ్యాస్‌ని కాల్చి పారేస్తున్నారన్నమాట. మూడో రోజుకో నాలుగో రోజుకో మళ్లీ పెద్దదై, ఎగుడుదిగుడుగా మండి, తర్వాత సన్నబడితే యూనిట్లు లేస్తున్నాయని అర్థం. కంట్రోల్ రూమ్‌లో ఎవరో నిద్రలేకుండా ఒక్కో వాల్వే తెరుస్తూ ఉంటారు. అసలు చుక్కే కనబడకపోతే, పొగ ఆరిపోయిందని టీవీవాళ్లు కెమెరాలు సర్దుకున్నా సరే, నేను క్యాలెండర్ తీసి నెలలు లెక్కపెట్టడం మొదలుపెడతాను.